డబ్ల్యూపీ ఇంజన్‌కి చిన్న లోహపు భాగాలు: ఎచింగా, పోతా, తీగా?

కాజీపేట_కుర్రోడు
అందరికీ నమస్తే. ఎచ్‌ఓ స్కేలులో (అసలు సైజులో 87వ వంతు) మన రైల్వే పాత ఆవిరి ఇంజన్ డబ్ల్యూపీ మోడల్ కడుతున్నా. బాడీ రెసిన్‌లో ప్రింట్ చేయించాను, బాగానే వచ్చింది. తిప్పలంతా చిన్న భాగాలతోనే. బాయిలర్ పక్క హ్యాండ్‌రెయిళ్లు వేలు తగిలితే చాలు పుటుక్కుమంటున్నాయి. టెండర్ (ఇంజన్ వెనక బొగ్గు, నీళ్ల బండి) నిచ్చెన, క్యాబ్ (డ్రైవర్ గది) మెట్లు కూడా అంతే. నంబర్ ప్లేట్ల మీద అంకెలు కరిగిపోయినట్టు వస్తున్నాయి. అన్నిటికంటే ముఖ్యం ముక్కు మీద నక్షత్రం. అది సరిగ్గా లేకపోతే డబ్ల్యూపీ అని ఎవరంటారు? వీటన్నిటినీ లోహంలో చేసుకోవాలని ఉంది. నా దగ్గర టెంపరేచర్ కంట్రోల్ ఉన్న సోల్డరింగ్ ఐరన్, చిన్న రోటరీ టూల్, సన్న ఆకురాళ్ల సెట్టు ఉన్నాయి. లేత్ లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

నారోగేజ్_నాని
రెసిన్ మార్చు బ్రో. వంగే రకం కొంచెం కలిపి ప్రింట్ చేస్తే విరగదు. లోహం జోలికి వెళ్తే డబ్బూ టైమూ రెండూ పోతాయి.

పొగగొట్టం (బర్మింగ్‌హామ్)
నాని మాట నిచ్చెనకి కొంతవరకు పనికొస్తుంది, హ్యాండ్‌రెయిల్‌కి మాత్రం పనికిరాదు. అసలు ఇంజన్ మీద ఆ పైపు 32 మిల్లీమీటర్లు అనుకుందాం. 87తో భాగిస్తే 0.37. అంత సన్నని కడ్డీ వంగే రెసిన్‌లో చేస్తే వేసవిలో సాగి వేలాడుతుంది, గట్టి రెసిన్‌లో చేస్తే విరుగుతుంది. 0.35 లేదా 0.4 ఇత్తడి తీగ కొని రెండు చెక్కముక్కల మధ్య దొర్లించి తిన్నగా చేసుకో. దానికి మించిన హ్యాండ్‌రెయిల్ లేదు.

మిగతా భాగాలకి నేను ముందు చూసేది వాటి ఆకారం. బల్లపరుపుగా ఉన్నదీ, మడిస్తే తయారయ్యేదీ ఎచింగ్‌కి (అక్కర్లేని చోట రేకుని ద్రావణంతో తినిపించడం) వెళ్లాలి: నంబర్ ప్లేటు, నిచ్చెన, మెట్లు, నక్షత్రం. గుండ్రంగా ఉండి మధ్య ఇరుసు చుట్టూ తిరిగేది లేత్‌కి: హ్యాండ్‌రెయిల్ బొడిపెలు, బఫర్లు. ఏ రెండు వైపులా ఒకేలా లేని గడ్డలు పోతకి: ఇంజెక్టర్, సేఫ్టీ వాల్వు, ఎయిర్ పంపు. పొగగొట్టం (నా పేరు కాదు, అసలుది) చూడటానికి లేత్ పనిలా ఉంటుంది గానీ అడుగున బాయిలర్ మీద కూర్చునే అంచు గుర్రపు జీనులా విచ్చుకుని ఉంటుంది. అది లేత్ మీద రాదు, ఆకురాయితో గంటలు గంటలు అరగదీయాలి. అందుకే దాన్నీ పోతలోనే వేస్తా.

ఎచింగ్‌కి డ్రాయింగ్ ఇచ్చేటప్పుడు చూసుకోవాల్సినవి ఉన్నాయి. ద్రావణం కిందికే కాదు, పక్కలకీ తింటుంది. 0.25 రేకులో 0.25 కంటే సన్నని రంధ్రం అడిగితే రాదు, వచ్చినా వంకరగా వస్తుంది. రెండు వైపుల నుంచీ తింటే రేకు తెగిపోతుంది, ఒకవైపే తింటే సగం లోతు దిగుతుంది. మడత గీతలన్నీ ఆ సగం లోతు గీతలే. మడిచాక గీత లోపలి మూలకి రావాలి. బయటికి వచ్చేలా గీస్తే మూల తెరుచుకుని రేకు తెగుతుంది. మడిచిన తర్వాత ఆ మూల వెంట సన్నగా టంకం పారించు, లేకపోతే రెండోసారి ముట్టుకోగానే విరుగుతుంది. రివెట్లు కావాలంటే వెనకవైపు సగం లోతు చుక్కలు పెట్టి, మొండి సూదితో ముందుకి నొక్కాలి.

రాగిరేకు (హైదరాబాద్)
ఎచింగ్ బయట ఇవ్వక్కర్లేదన్నా, ఇంట్లోనే అయితది. మేము కాలేజీలో పీసీబీలు (ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డులు) చేసిన పద్ధతే ఇది. కోఠి గుజరాతీ గల్లీలో ఫెర్రిక్ క్లోరైడ్ దొరుకుతది, డ్రై ఫిల్మ్ ఫొటోరెసిస్ట్ (వెలుతురు పడ్డ చోట గట్టిపడి రేకుని కాపాడే పొర) ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. తేడా ఏందంటే పీసీబీకి ఒకవైపే బొమ్మ, ఇక్కడ రేకుకి రెండు వైపులా. ముందు, వెనక బొమ్మల ట్రాన్స్‌పరెన్సీలను వెలుతురు మీద పెట్టి గుర్తులు కలిపి మూడు పక్కలా టేపు వెయ్. కవరు లెక్క తయారైతది, రేకుని అందులోకి జారవిడువు. రెండు వైపులా యూవీ లైటు పడాలె. తర్వాత లీటరు నీళ్లకి 10 గ్రాముల చాకలి సోడా కలిపిన నీళ్లలో డెవలప్ చెయ్. ఎక్కువ గాఢత పెడితే ఉండాల్సిన పొర కూడా ఊడుతది.

ఫెర్రిక్ క్లోరైడ్ ప్లాస్టిక్ డబ్బాలో, ఆ డబ్బా వేడినీళ్ల టబ్బులో. 45 డిగ్రీల దగ్గర పని చురుగ్గా సాగుతది. రేకుని నిలువుగా వేలాడదీసి మధ్యమధ్యలో తలకిందులు చెయ్యాలె, లేకుంటే ఒక కొస తినేసి ఇంకో కొస మిగిలిపోతది. గడ్డలుగా కొంటే నీళ్లలో గడ్డలు కొంచెం కొంచెం వెయ్, గడ్డల మీద నీళ్లు పొయ్యకు. చాలా వేడెక్కుతది. చేతులకి గ్లవ్స్, కళ్లకి అద్దాలు. స్టీలు సింకు దగ్గర అసలు పెట్టకు, సింకుని కూడా తింటది. బండల మీద పడ్డ మరక పోదు, ఇంట్లో అమ్మ ఉంటే జాగ్రత్త.

నారోగేజ్_నాని
ఇంత తతంగం ఎందుకు, నైట్రిక్ యాసిడ్ అయితే నిమిషాల్లో పని అయిపోతుందిగా? నగల వాళ్లు అదే వాడతారు.

చిలకలపూడి_పోత
నమస్కారమండీ. చాన్నాళ్లుగా మీ మాటలు చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. నాని గారూ, ఆ సలహా వద్దండి. రాగి మీద, ఇత్తడి మీద నైట్రిక్ పడగానే గోధుమరంగు పొగ లేస్తుంది. పీల్చినప్పుడు దగ్గు వచ్చి తగ్గిపోయినట్టే ఉంటుంది, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. మా పని మనుషులు కూడా పొగ లాగేసే ఏర్పాటు లేకుండా ఆ సీసా మూత తియ్యరు. పైగా మీరు చెప్పే ఫిల్మ్ పొర దానికి నిలబడదు.

మాది గిల్టు నగల పనండి. చెవి దిద్దు వెనక ఉండే మర మీ ఇంజన్ బొడిపెల కంటే సన్నది, కాబట్టి సైజు చూసి భయపడేదేం లేదు. పోత గురించి మీరేమైనా అడిగితే చెప్తాను.

కాజీపేట_కుర్రోడు
అడుగుతానండీ! చిమ్నీ, సేఫ్టీ వాల్వులు, ఎయిర్ పంపు నేను త్రీడీ ప్రింట్ ఫైల్‌గా గీశాను. అవి ఇస్తే ఇత్తడిలో పోసిస్తారా? ఏమేం చూసుకోవాలి?

చిలకలపూడి_పోత
రెండు దారులున్నాయండి. ఒకటి, మైనంలా కాలిపోయే రెసిన్‌లో ప్రింట్ చేయించి నేరుగా చెట్టుకి అతికించడం. మధ్య కాండం, చుట్టూ కొమ్మలకి మీ భాగాలు. దాన్ని స్టీలు గొట్టంలో పెట్టి చుట్టూ పోత ప్లాస్టర్ పోస్తాం, గాలి బుడగలు పోవడానికి వాక్యూమ్ పెడతాం. తర్వాత కొలిమిలో రాత్రంతా మెల్లగా వేడి పెంచుతాం. 700 డిగ్రీలు దాటేసరికి లోపలి బొమ్మ కాలి బూడిద కూడా లేకుండా పోవాలి. ఆ ఖాళీలోకి ఇత్తడి. ఈ దారిలో ఒక ప్రింటుకి ఒక ముక్కే వస్తుంది.

రెండోది, ఒక మాస్టర్ చేసి రబ్బరు మూస తీసి, మైనం ఎక్కించి ఎన్ని కావాలంటే అన్ని తీసుకోవడం. ఇక్కడ ఒక సంగతి. మామూలు రబ్బరు మూసని ప్రెస్సులో 150 డిగ్రీల దగ్గర ఉడికించాలి. మీ మామూలు రెసిన్ ప్రింటు ఆ వేడికి వంకర పోతుంది. చల్లగా గట్టిపడే సిలికాన్ వాడితే ఆ బాధ లేదు, లేదంటే మొదట ఒకటి ఇత్తడిలో పోసి దాన్నే మాస్టర్ చేసుకోవాలి.

లోహం చల్లారేటప్పుడు ముడుచుకుంటుందండి. నేరుగా పోసినప్పుడు మేం రెండు శాతం దాకా పెంచి గీయమంటాం. మూసలో మైనం దారిలో అయితే మైనం ముడుచుకునేది కూడా కలపాలి. అర మిల్లీమీటరు కంటే పల్చని గోడ ఉంటే నిండుతుందని మాట ఇవ్వలేను. ఇంకోటి, కొమ్మ ఎక్కడ అతికించాలో మీరే చెప్పాలి. చెప్పకపోతే మాకు వీలైన చోట పెడతాం, అది మీకు కళ్లకి కనపడే చోటే అవుతుంది. చిమ్నీకైతే లోపలి అడుగున పెట్టించుకోండి, కోసిన మచ్చ బయటికి రాదు.

రాగిరేకు
ఇది పిన్ చెయ్యండి ఎవరన్నా.

టెక్సాస్_ట్రాక్
ఇక్కడ అమెరికాలో యుద్ధం తర్వాత జపాన్ నుంచి వచ్చిన ఇత్తడి ఇంజన్లు ఇంకా పాత సామాన్ల సేల్‌లో కనిపిస్తుంటాయి. పసిఫిక్ ఫాస్ట్ మెయిల్ వాళ్లు దిగుమతి చేసినవి నా దగ్గర ఉన్నాయి. తర్వాత ఆ పని కొరియాకి వెళ్లింది. విప్పి చూస్తే మీరు చెప్పిన మూడు పద్ధతులూ కలిసే ఉంటాయి: రేకు మడిచిన క్యాబు, లేత్ మీద తీసిన బొడిపెలు, పోత పోసిన పంపు. టంకం మరక ఒక్కటి కనపడదు. ఆ శుభ్రం ఎలా సాధించారో నాకిప్పటికీ అసూయే.

కాజీపేట_కుర్రోడు
పోత గారి సమాధానం ప్రింటు తీసి గోడకి అంటించుకుంటా. మరి నక్షత్రం సంగతి? ఎచింగ్‌లో బల్లపరుపుగా వస్తుంది, ముక్కేమో గుమ్మటం. అతికిస్తే కొసలు లేచి నిలబడతాయి.

పొగగొట్టం
రేకు 0.25 వద్దు, దానికి మాత్రం 0.1 లేదా 0.15 తీసుకో. పల్చటి ఇత్తడే అయినా షీటు కొన్నప్పుడు స్ప్రింగులా గట్టిగా ఉంటుంది. దాన్ని మెత్తబరచాలి.

చిలకలపూడి_పోత
అదే చెప్పబోతున్నానండి. స్పిరిట్ దీపం మంట మీద నక్షత్రాన్ని శ్రావణంతో పట్టుకుని ఒక్క క్షణం ఆడించండి. గదిలో లైటు తగ్గించుకోండి, మసక ఎరుపు కనపడగానే తీసెయ్యాలి. అంత పల్చటి రేకుకి ఇంకాస్త ఆగితే కొసలు కరిగి గుండ్రంగా అయిపోతాయి. చల్లారాక మెత్తగా, చెప్పినట్టు వంగుతుంది. ముక్కు ఆకారంలోనే ఇంకో ముక్క ప్రింట్ చేసుకుని దాని మీద నక్షత్రం పెట్టి, పైనుంచి పెన్సిల్ రబ్బరుతో నొక్కండి. మధ్య నుంచి కొసల వైపు. అసలు బాడీ మీద నొక్కకండి, పగులుతుంది.

పొగగొట్టం
ఒక హెచ్చరిక. బాడీ రెసిన్ కాబట్టి దాని మీద టంకం పెట్టలేవు. లోహపు ముక్కల్ని విడిగా టంకం పెట్టుకుని, కడిగి, ఆ తర్వాతే ఎపాక్సీతో బాడీకి అతికించు. హ్యాండ్‌రెయిల్‌కి 0.5 డ్రిల్లుతో చేత్తో రంధ్రాలు వేసి బొడిపె కాడని లోపలికి దించితే జిగురు బయట కనపడదు.

కాజీపేట_కుర్రోడు
నిచ్చెనలో ఒక మెట్టు అతికిస్తుంటే పక్క మెట్టు ఊడి వస్తోంది. యూకేలో మీరు రకరకాల కరుగు ఉష్ణోగ్రతల టంకాలు వాడతారట కదా, ఇక్కడ ఎక్కడ దొరుకుతాయి?

రాగిరేకు
మొబైల్ రిపేర్ వాళ్ల దగ్గర! అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో అడుగు. సీసం లేని తీగ 227 డిగ్రీలకి కరుగుతది, మామూలు 63/37 (తగరం, సీసం) 183కి, బిస్మత్ కలిసిన పేస్ట్ 138కి. మొదటి అతుకులు 227తో, తర్వాతవి 183తో, చివరి చిల్లర 138తో పెడితే ముందువి కదలవు.

పొగగొట్టం
ఆ వరుసలో చివరి మెట్టు దగ్గర ఒక గుంట ఉంది. 138 పేస్టులో బిస్మత్ ఉంది, 183 దాంట్లో సీసం ఉంది. రెండూ కలిస్తే కొంత భాగం 96 డిగ్రీల దగ్గరే కరిగే మిశ్రమం తయారవుతుంది. అతుకు బలహీనం, పైగా మరిగే నీళ్లలో కడిగితే ఊడొస్తుంది. బిస్మత్ వాడితే సీసం తగలని చోట వాడు. ఇంజన్ ముక్కలకి 227, 183 చాలు. తడిగుడ్డ ముక్క పక్క అతుకు మీద వేసి ఉంచితే చాలా సందర్భాల్లో ఆ రెండో టంకం కూడా అక్కర్లేదు.

టంకం తక్కువ పెట్టు, ఫ్లక్స్ (టంకం పారడానికి రాసే మందు) ఎక్కువ పెట్టు. ఐరన్ మొన పెద్దది తీసుకో. చిన్న మొనతో ఎక్కువసేపు కాల్చడం కంటే పెద్ద మొనతో చటుక్కున అంటించి తియ్యడం నయం.

షెడ్_మాస్టారు (విజయవాడ)
బాబూ, ఇప్పటిదాకా ఎవరూ రాడ్ల గురించి మాట్లాడలేదు. డబ్ల్యూపీ అంటే ముందు కళ్లు పడేది చక్రాల మీద, వాటి వెంట కదిలే రాడ్ల మీద. 1702 మిల్లీమీటర్ల చక్రం అది. ఆ రాడ్లు ఉక్కువి, నూనె తడితో మెరుస్తుండేవి. వాటికి ఇత్తడి వాడితే ఎంత బాగా చేసినా బొమ్మలాగే ఉంటుంది. హ్యాండ్‌రెయిళ్లు, మెట్లు మాత్రం మసి, నూనె పట్టి నల్లగానే ఉండేవి. డ్రైవర్లు తమకి నచ్చినవి తోమించి మెరిపించేవారు, అది మనిషిని బట్టి. నువ్వు అన్నీ తళతళలాడించకు.

కాజీపేట_కుర్రోడు
మాస్టారూ, మీలాంటివాళ్లు చెప్తే వేరు. రాడ్లకి జర్మన్ సిల్వర్ వాడమంటారా?

పొగగొట్టం
అదే సరైనది. రాగి, నికెల్, జింక్ మిశ్రమం, వెండి ఉండదు. రంగు ఉక్కుకి దగ్గర, ఇత్తడి కంటే గట్టిది, వేడి నెమ్మదిగా పాకుతుంది కాబట్టి టంకం పెట్టడమూ సులువు. రెండు పొరలు ఎచ్ చేసి అతికిస్తే మందం వస్తుంది, రాడ్ మధ్యలో గాడి కూడా పై పొరలోనే వచ్చేస్తుంది. పొరలు కలిపేటప్పుడు రంధ్రాల్లో అగ్గిపుల్ల చెక్కి దూర్చు, దానికి టంకం అంటదు.

రాడ్లు ఎప్పుడూ ఫ్రేము కంటే ముందు చెయ్యి. ఇరుసుల బేరింగులని ఆ రాడ్ రంధ్రాలకి సరిపెట్టి ఫ్రేములో అతికించు. ఫ్రేము ముందు కట్టి రాడ్లు తర్వాత చేస్తే వంద మైక్రాన్ల తేడా చాలు, చక్రం తిరిగే ప్రతిసారీ ఒక చోట పట్టేస్తుంది. అప్పుడు రంధ్రాలు పెద్దవి చేస్తారు, ఇంజన్ కుంటుతుంది. అసలు రంధ్రం ఎచింగ్‌లో కొంచెం చిన్నదిగా గీసి, చివర్లో రీమర్‌తో (రంధ్రాన్ని కొద్దికొద్దిగా పెద్దది చేసే పనిముట్టు) తెరవాలి. ఎచ్ చేసిన రంధ్రం లోపల గోడ మధ్య చిన్న గట్టు మిగులుతుంది, అది పోవాలి. బయటి అంచుల మీద కూడా అదే గట్టు ఉంటుంది. ఆకురాయితో తీసెయ్యకపోతే పక్కనుంచి చూసినప్పుడు రాడ్ రేకులా కనిపిస్తుంది.

చిలకలపూడి_పోత
జర్మన్ సిల్వర్ పేరుతో పూజ సామాన్ల కొట్లో దొరికేవన్నీ ఆ మిశ్రమం కావండి. తెల్ల పూత వేసిన ఇత్తడి కూడా ఉంటుంది. అంచు ఆకురాయితో గీకండి, లోపల పచ్చగా కనపడితే తిరిగిచ్చెయ్యండి.

నారోగేజ్_నాని
ఒప్పుకుంటున్నా, రాడ్లు మాత్రం రెసిన్‌లో అయ్యే పని కాదు. నిచ్చెన మీద ఇంకా వాదిస్తా.

కాజీపేట_కుర్రోడు
😀 నిచ్చెన నీకే వదిలేస్తా నానీ. ఇక కడగడం. మా అమ్మ చింతపండుతో తోమమంటోంది.

టెక్సాస్_ట్రాక్
చింతపండు పని చేస్తుంది, దాంట్లో ఆమ్లం ఉంది కదా. కానీ దాని పీచు, జిగురు రివెట్ల మధ్య ఇరుక్కుంటాయి. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు కొనుక్కో, గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచా. మెత్తటి బ్రష్‌తో రుద్ది తీసెయ్.

చిలకలపూడి_పోత
నానబెట్టి మర్చిపోకండి. ఎక్కువసేపు ఉంటే పైనున్న జింకు పోయి రాగి రంగు తేలుతుంది, గులాబీ మచ్చలు కనపడతాయి. ఇనుప పట్టకారు ఆ నీళ్లలో ముంచినా అంతే, రాగి పూత పట్టేస్తుంది. ప్లాస్టిక్ చిమటా వాడండి. అదీ కాక టంకం ఫ్లక్స్‌లో ఆమ్లం ఉంటే దాన్ని వంట సోడా నీళ్లతో కడగాలి. వదిలేస్తే వర్షాకాలంలో రంగు కింద నుంచి పచ్చగా పొంగుతుంది. మా కోస్తా గాలికి ఇది మరీ తొందరగా జరుగుతుంది.

పొగగొట్టం
అదనపు టంకం గీకడానికి ఫైబర్‌గ్లాస్ పెన్ను బాగుంటుంది. కింద తడి కాగితం పరుచుకుని వాడు, ఆ పోగులు వేళ్లలో గుచ్చుకుంటే కనపడవు, రోజంతా చురుక్కుమంటాయి.

రంగు కొచ్చేసరికి: లోహానికి మామూలు ప్రైమర్ పట్టదు, గోరు తగిలితే పెచ్చులూడుతుంది. కార్లకి వేసే ఎచ్ ప్రైమర్ పల్చగా ఒక్క పొర కొట్టు. ఆరుబయట, మంచి మాస్కుతో. పల్చగా అని ఎందుకంటున్నానంటే, 0.05 మిల్లీమీటర్ల రంగు పొర 87 రెట్లు చేస్తే నాలుగు మిల్లీమీటర్లు దాటుతుంది. అంత మందం వేస్తే రివెట్లన్నీ మునిగిపోతాయి.

నంబర్ ప్లేటుకి ముందు మొత్తం రంగు వేసెయ్. పూర్తిగా ఆరాక 1500 ఎమెరీ కాగితాన్ని చదునైన చెక్కకి అంటించి, ప్లేటుని దాని మీద బోర్లా పెట్టి మెల్లగా రుద్దు. ఎత్తుగా ఉన్న అంకెల మీద రంగు పోయి ఇత్తడి బయటపడుతుంది. బ్రష్‌తో అంకెలకి రంగు దిద్దాలని చూడకు.

రాగిరేకు
బ్లాకెనింగ్ మందు సంగతో? చక్రాల అంచులు, హ్యాండ్‌రెయిల్ నల్లగా చెయ్యడానికి రంగు కంటే అది మంచిది కదా, మందం పెరగదు.

టెక్సాస్_ట్రాక్
ఇత్తడికి అమ్మే మందుల్లో సెలీనియం లవణాలు ఉంటాయి, విషం. గ్లవ్స్ లేకుండా వద్దు. నూనె మరక ఒక్కటి ఉన్నా అక్కడ పట్టదు. టంకం మీద కూడా సరిగ్గా పట్టదు, అతుకు దగ్గర బూడిదరంగు మచ్చలా ఉంటుంది. కాబట్టి టంకం లేని ముక్కలకి ఇది, ఉన్నవాటికి రంగు. సల్ఫర్ మందు రాగికి బ్రహ్మాండం, ఇత్తడి మీద సరిగ్గా పనిచెయ్యదు.

కాజీపేట_కుర్రోడు
సరే, ఇలా అనుకుంటున్నా. ప్లేట్లు, మెట్లు 0.25 ఇత్తడిలో ఇంట్లోనే ఎచ్ చేస్తా. నక్షత్రం, రాడ్లు బయట ఇస్తా, రాడ్ల పొరలు నా చేత్తో అంత కచ్చితంగా రావు. చిమ్నీ, పంపు, వాల్వులు చిలకలపూడికి పంపిస్తా. వాడేసిన ఫెర్రిక్ క్లోరైడ్ ఏం చెయ్యాలి?

రాగిరేకు
కాలువలో పొయ్యకు, దాంట్లో రాగి కరిగి ఉంటది. పాత బకెట్లో చాకలి సోడా కొంచెం కొంచెం వేస్తూ పో, బాగా నురగ వస్తది. నురగ ఆగినంక అడుగున బురద దిగుతది. ఆరబెట్టి, సీసాలో మూతపెట్టి, ప్రమాదకర చెత్త తీసుకునేటోళ్లకి ఇయ్యి.

షెడ్_మాస్టారు
బయట ఇచ్చే షీటులో ఖాళీ ఉంటుంది కదా. నాకు వైపీ (మీటర్ గేజ్ ఆవిరి) ఇంజన్‌కి నంబర్ ప్లేట్లు రెండు కావాలి.

నారోగేజ్_నాని
వైడీఎం-4 డీజిల్ ఇంజన్ రేడియేటర్ జాలీ కూడా పెట్టండి. అది రెసిన్‌లో రావడం లేదు, ఆ మాట ఎవరూ కోట్ చెయ్యొద్దు.

రాగిరేకు
> అది రెసిన్‌లో రావడం లేదు

😀

పొగగొట్టం
జాలీ రాడ్ల షీటులో పెట్టకండి, రాడ్ల మందానికి ఆ సన్నని కన్నాలు తెరుచుకోవు. నక్షత్రం ఉన్న పల్చటి షీటులో పెట్టండి. కుర్రోడా, ఫైలు పంపే ముందు ముందువైపు, వెనకవైపు పొరలు వేరే వేరే రంగుల్లో ఉన్నాయో లేదో, వెనకవైపు బొమ్మ తిరగబడి ఉందో లేదో నాకు ఒకసారి చూపించు. మాస్టారూ, మీ ప్లేట్లకి నంబరేం వెయ్యమంటారు?

షెడ్_మాస్టారు
రేపు డైరీ చూసి చెప్తా.